టిక్కు పెట్టిన చోట

"ఈ దేశంలో ఉరికంబం దాకా నడిచేవాడు దాదాపు ఎప్పుడూ పేదవాడే." ఆ ఒక్క వాక్యాన్ని సుకన్య పొద్దుటినుంచి మూడోసారి టైపు చేస్తోంది. కాఫీ తాగుతూ భర్త రామ్మోహనరావు దాన్ని 'నిరుపేదే' అని దిద్దాడు. స్నానం చేసొచ్చి, "అబ్బే, పేదవాడే అనడంలోనే బలం ఉంది, పాతదే ఉంచు" అన్నాడు. ఆమె ల్యాప్‌టాప్ పక్కకి జరిపి చుక్కకూర కట్ట విప్పింది. నాలుగు కాడలు గిల్లి, చేతులు కొంగుకి తుడుచుకుని, మళ్ళీ ల్యాప్‌టాప్ ముందుకి జరిగింది. ఇంట్లో బల్ల ఒకటే. కూరైనా దానిమీదే, ఉపన్యాసమైనా దానిమీదే.

రామ్మోహనరావు లా కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చర్చ పెట్టారు, ఉరిశిక్ష ఉండాలా, రద్దు చేయాలా అని. రద్దు చేయాలని ఆయన మాట్లాడతాడు. ఉండాలని అసోసియేషన్ సెక్రటరీ విష్ణువర్ధన్ మాట్లాడతాడు. ఉపన్యాసం ఇరవై పేజీలు. చేతిరాత ఆయనది, వేళ్ళు సుకన్యవి. ఒకచోట అర్థం కాక అడిగితే, "నీకు అర్థం కానక్కర్లేదు, తప్పుల్లేకుండా కొడితే చాలు" అన్నాడు. అందులో కోపమేమీ లేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన ఏ మాటా కోపంగా అనలేదు.

ల్యాప్‌టాప్ పక్కనే ఒక నీలం ఫైలు ఉంది. అది ఆమెది. అందులో వినతిపత్రం, దాని వెనక నూట డెబ్బై సంతకాలు. ఉరి తీయాలని అడిగే సంతకాలు. "మా ఇంట్లో రెండు పార్టీలండీ. నాది రద్దు పార్టీ, మా ఆవిడది తాడు పార్టీ" అని ఆయన ఫోనులో స్నేహితులకు చెప్పి నవ్వేవాడు. "ఆడవాళ్ళకి ఆవేశం ఎక్కువ, ఏం చేస్తాం" అని కలిపేవాడు.

ఆవేశమే. ఆమె కాదనదు. ఏడు నెలల కిందట తొమ్మిదో తరగతి పిల్ల ట్యూషన్ నుంచి ఇంటికి చేరలేదు. ముగ్గురు కుర్రాళ్ళు. మూడోరోజు రైలు పట్టాల పక్క పొదల్లో దొరికింది. రెండు రోజులు సుకన్యకి అన్నం దిగలేదు. కూతురు నీహారిక కాలేజీ బస్సు దిగి నడిచొచ్చే ఆ పది నిమిషాలూ బాల్కనీ ఊచలు పట్టుకుని నిలబడటం అప్పుడే అలవాటైంది. తనకి పద్నాలుగేళ్ళప్పుడు తెనాలిలో సినిమాహాలు మెట్ల మీద, ఆ జనంలో, ఒంటి మీద పడ్డ చెయ్యి కూడా మళ్ళీ గుర్తుకొచ్చింది. అది ఎవరికీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. కేసు కోర్టుకొచ్చి అదంతా మళ్ళీ రగులుతున్న సమయంలో, నెల కిందట, విష్ణువర్ధన్ వచ్చాడు, 'పద్మారావు నగర్ మహిళల వినతిపత్రం' అని పైన రాసున్న కాగితాలు పట్టుకుని. "ముఖ్యమంత్రి గారికి పంపిద్దాం మేడం. ఆడవాళ్ళ పేరు మీద వెళ్తేనే బరువుంటుంది. మీతోనే మొదలుపెడదాం" అని ఆఖరి పేజీ తిప్పి, పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టాడు. టిక్కు పెట్టిన చోట ఆమె సంతకం చేసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆమె మనిషే మారిపోయింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి ఫైలు చంకన పెట్టుకుని బయలుదేరేది. ఐదు బ్లాకులు, ప్రతి బ్లాకుకీ నాలుగంతస్తులు. అంతకుముందు ఆమెని లిఫ్టులో చూసిన వాళ్ళు "లెక్చరర్ గారి మిసెస్" అనేవారు. ఇప్పుడు తలుపు తీసి "సుకన్య గారా, రండి రండి" అంటున్నారు. మజ్జిగ ఇస్తున్నారు. గ్రూపులో ఆమె పేరు పక్కన దణ్ణాలు పెట్టిన చేతుల బొమ్మలు. అది ఆమెకి నచ్చింది. చచ్చిపోయిన పిల్ల వల్ల తనకొక పేరు వచ్చిందని అప్పుడు తట్టలేదు. తట్టినప్పుడు ఎవరి మొహంలోకీ చూడలేకపోయింది.

ఆరోజు గురువారం. గురువారం కమలాబాయి పదకొండు దాటాకగానీ రాదు. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో పని చేస్తోంది, బోయిన్‌పల్లి నుంచి బస్సులో వస్తుంది. ఈ ఏడు నెలల్లోనే గురువారం ఆలస్యం మొదలైంది. బాబా గుడికి పోతున్నానంటే సుకన్య సరేనంది. గుడి అంటే వీరరాఘవమ్మ గారు కూడా అభ్యంతరం పెట్టలేదు. ఆవిడ సుకన్య అత్తగారు, డెబ్బై తొమ్మిదేళ్ళు, ఆలస్యం అన్నది ఇంకే కారణానికైనా ఊరుకునే మనిషి కాదు. పైగా ప్రతి గురువారం కమలాబాయి చిన్న పొట్లంలో పటికబెల్లం, విభూతి తెచ్చిస్తే కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటుంది.

"జెర ఆలస్యమైందమ్మా, బస్సు దొర్కలే" అంటూ కమలాబాయి వచ్చి పొట్లం షెల్ఫు మీద పెట్టి సింకు దగ్గర నిలబడింది. నీళ్ళు వదిలి, మాడిన పాలగిన్నె కోసం చెయ్యి చాచింది. సుకన్య అప్పుడే చుక్కకూర కడగడానికి పక్కకొచ్చింది. కుడి మణికట్టు లోపలివైపు ఊదారంగు ముద్ర. గుండ్రంగా, సగం చెరిగిపోయి, చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. బాగా రుద్దినట్టు.

"ఏంటది? గుళ్ళో వేశారా?" అంది సుకన్య. తిరునాళ్ళలో పిల్లలకి వేసినట్టుందే అని నవ్వబోయింది కూడా.

కమలాబాయి చెయ్యి నీళ్ళ కింద పెట్టి బొటనవేలితో ఆ ముద్రని రుద్దుతూ ఉండిపోయింది. ముందుగదిలో టీవీలో భజన నడుస్తోంది. నల్లా కట్టకుండానే అంది.

"గుడి కాదమ్మా. చంచల్‌గూడ. ములాఖత్‌కు పోయినోళ్ళకు గేటు కాడ ఏస్తరు. గిది చూస్తెనే మల్ల బయటికి ఇడుస్తరు. ప్రతిసారి బస్టాండు నల్లా కాడ సబ్బు పెట్టి తోముకొని వస్త. ఇయ్యాల నల్లాల నీళ్ళు లేవు."

"జైలుకా? ఎవరున్నారు?"

"చిన్నా."

చిన్నా అంటే కమలాబాయి కొడుకు. నాందేడ్‌లో పని దొరికి పోయాడని ఏడు నెలల కిందట చెప్పింది. వాడు చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తల్లితో వచ్చి బాల్కనీలో కూర్చుని నీహారిక పాత పుస్తకాల్లో బొమ్మలకి రంగులు వేసేవాడు. చిన్నా అసలు పేరేమిటని సుకన్య ఏనాడూ అడగలేదు. ఇప్పుడూ అడగనక్కర్లేకపోయింది. వినతిపత్రం మొదటి పేజీలో మూడు పేర్లున్నాయి, ఏడు నెలలుగా పేపర్లలో చూస్తున్నవే. రెండో పేరు లక్ష్మణ్, తండ్రి సోమయ్య, బోయిన్‌పల్లి. కమలాబాయి భర్త సోమయ్య మార్కెట్లో హమాలీ అని ఆమెకి తెలుసు. లక్ష్మణ్ అన్న పేరూ తెలుసు. రెండూ ఒకచోట పెట్టి చూడలేదు, అంతే.

"వాడు..." అంది సుకన్య. చేసి ఉండడు అనబోయింది. అలా అంటే తనకే కాస్త తేలికయ్యేది.

"చేసిండమ్మా." కమలాబాయి ముద్రని ఇంకా రుద్దుతూనే ఉంది. "పోలీసోళ్ళు రాకముందే నాకెరుక. ఆ దినం అంగి ఉతికింది నేనే గద. కొట్లాటల రక్తం అనుకున్న. తెల్లారి సంగతి తెల్సింది. కోర్టుల అడిగితే చెప్పిన, అవు, నేనే ఉతికిన అని. మా ఆయన ఆ దినంకెల్లి నాతోని మాట్లాడ్తలేడు. ఉరి తియ్యొద్దని నేను ఎవ్వల్నీ అడగలే అమ్మా. ఆ పిల్ల తల్లి మొకం చూసినంక ఎట్ల అడుగుత? కానీ బేస్తారం బేస్తారం పోత. పోయి ఇనుప జాలీ కాడ నిలబడ్త. తిన్నవారా అంట. వాడు తిన్న అంటడు. గంతే."

సుకన్యకి చెవుల్లో భజన మోగుతోంది. తెరిచిన తలుపులోంచి ఆమె కళ్ళు బల్ల మీద నీలం ఫైలు దగ్గరికి పోయాయి. నూట డెబ్బైలో నూట నలభై మూడోది. దాని పక్కన తనే గుండ్రటి అక్షరాలతో రాసింది, 'కమలాబాయి, వేలిముద్ర' అని.

"కమలా, మరి ఆ కాగితం... నీకు తెలియక..."

"తెల్వకేంది? ఏడో తరగతి దాకా సదివిన. నాలుగు దినాలు బల్ల మీదనే ఉండె గద, బల్ల తుడుసుకుంట మొత్తం సదివిన."

"చదువొచ్చా నీకు?"

"మీరు సిరా డబ్బీ తెరిచిండ్రు. నేను ఏలు పెట్టిన."

అవును. అలాగే జరిగింది. భర్త బల్ల సొరుగులోంచి సిరా డబ్బీ తెచ్చి, మూత తీసి, తయారుగా పెట్టుకుని పిలిచింది. పెన్సిలుతో టిక్కు పెట్టి, "ఇక్కడ" అంది. అంతకుముందు వాచ్‌మన్ భద్రయ్య భార్యతోనూ ఇంతే. కమలాబాయి ఒక్కక్షణం కాగితం వైపు వంగితే, "చదివి ఏం చేస్తావులే, ఆడపిల్లల మంచికే" అంది. అప్పుడు సుకన్య వేళ్ళకి కూడా సిరా అంటుకుంది. ఆమె నిమ్మకాయ కోసి ఒక చెక్కతో గోళ్ళ చుట్టూ రుద్దుకుంది. నిమ్మచెక్కతో సిరా చిటికెలో పోతుంది. రెండో చెక్క గట్టు మీదే ఉంది. కమలాబాయి బొటనవేలు చూసి మాత్రం, "చెయ్యి కడుక్కునిరా, గిన్నెలకి అంటుతుంది" అంది.

చదివి ఏం చేస్తావు. ఆ మాట తనది కాదు. పెళ్ళయిన మొదటి ఏడాది బ్యాంకు కాగితాల దగ్గర విన్నది. రామ్మోహనరావు ప్రతి కాగితం మీదా ముందే పెన్సిలు టిక్కు పెట్టి ఉంచుతాడు. ఆమె వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి టిక్కు పెట్టిన చోట సంతకం చేసి పోతుంది. నాన్న ఇచ్చిన తెనాలి స్థలం అలాగే వెళ్ళిపోయింది. అమ్మేశారని ఏడాది తర్వాత అన్నయ్య చెబితే తెలిసింది. అడిగితే, "నువ్వు సంతకం పెట్టిందేగా" అన్నాడాయన, నవ్వుతూనే. ఆ నవ్వుకి కుమిలిపోయిన మనిషి, ఆ మాటని ఇరవై నాలుగేళ్ళు దాచుకుని, తనకంటే కింద నిలబడ్డ మనిషి దొరకగానే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"పెట్టనని ఒక్కమాట అనకపోయావా?"

"ఎందుకు పెట్టవే అంటరు గద అమ్మా. ఏం చెప్పాలె? నాలుగిండ్లల్ల పని చేస్త." కమలాబాయి నల్లా కట్టింది. "ఇగ నన్ను పనికెల్లి తీసేస్తరా, ఉంచుతరా? ఏదైనా ఇప్పుడే చెప్పుండ్రి. తీసేస్తె ఇంకో ఇల్లు చూస్కోవాలె."

ఆ ప్రశ్నకి సుకన్య సిగ్గుతో చచ్చిపోయింది. ఎందుకంటే ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నీహారిక పాత పుస్తకాల్లో రంగులు వేసిన ఆ చేతులు గుర్తొచ్చి, తీసెయ్యాలనే అనిపించింది. "ఉండు" అంది. ఆ మాట అడుక్కున్నట్టు వచ్చింది.

"కాయితంల నా పేరు కొట్టెయ్యకుండ్రి. కొట్టేస్తె ఎందుకు కొట్టేసిండ్రని అడుగుతరు. ఎవ్వలికీ చెప్పకుండ్రి" అని కమలాబాయి పాలగిన్నె అందుకుంది.

మధ్యాహ్నం అందరూ తిన్నాక సుకన్య ఆ వినతిపత్రం ముందుపెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివింది. అప్పుడే మొదటిసారి చదవడం. మూడు వారాలు మోసింది, నూట డెబ్బై తలుపులు తట్టింది, శీర్షికలో 'ఉరి' అన్న మాటా, దాని కింద మూడు పేర్లూ చూసింది, ఆపైన చదవలేదు. మూడో పేజీలో ఆరో అంశం: నిందితుల కుటుంబసభ్యులకు ఎవరూ ఇల్లు అద్దెకివ్వరాదు, ఎవరూ పని ఇవ్వరాదు, దీనికి కింద సంతకం చేసిన మహిళలమైన మేము కట్టుబడి ఉన్నాము. రాసింది విష్ణువర్ధన్. కట్టుబడింది మహిళలు. ఆ వాక్యం కూడా చదివే కమలాబాయి వేలు పెట్టింది.

భర్తకి చెబుదామా అనిపించింది. రద్దు పార్టీ మనిషి కదా, అర్థం చేసుకుంటాడేమో అని ఒక ఆశ. నేరుగా చెప్పకుండా, సాయంత్రం కాఫీ ఇస్తూ, "అలాంటివాడి తల్లి మనకి తెలిసిన మనిషే అయితే ఎలా ఉంటుందండీ?" అంది.

రామ్మోహనరావు కప్పు కింద పెట్టేశాడు. కళ్ళు మెరిశాయి. "భలే పాయింటే! తల్లి కోణం! నాకు తట్టనే లేదు. పదహారో పేజీ తర్వాత ఒక పేరా కొట్టు. జైలు గేటు, తల్లి కన్నీళ్ళు... ముందువరసలో ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకోవాలి. నిజంగా ఎవరైనా ఉంటే పేరుతో సహా చెప్పొచ్చు, ఇంకా బాగా పడుతుంది. ఎవరన్నా ఉన్నారా?"

"లేరు" అంది సుకన్య.

కుర్చీలోంచి వీరరాఘవమ్మ గారు అందుకున్నారు. "ఆ తల్లిననాలి ముందు. పెంపకం సరిగ్గా ఉంటే వాడలా తయారవుతాడా? తండ్రి బయట చాకిరీకి పోతాడు, చూసుకోవలసింది ఇంట్లో ఆడదేగా."

"బయట చాకిరీ ఆవిడా చేస్తుందేమో అత్తయ్యా" అంది సుకన్య. ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం సెల్లార్‌లో ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. టీ పనికి కమలాబాయిని రమ్మన్నారు. ఆమె వెనక, కార్ల దగ్గర బల్ల వేసుకుని పెద్ద గిన్నెలోంచి కప్పుల్లోకి పోస్తోంది. రామ్మోహనరావు బాగా మాట్లాడాడు. రాజ్యం చంపడం మొదలుపెడితే మనందరి చేతులూ ఆ తాడు పట్టుకున్నట్టే అన్నాడు. తప్పు తీర్పుని సమాధిలోంచి తవ్వి దిద్దలేమన్నాడు. 'పేదవాడే' అన్న చోట చప్పట్లు పడ్డాయి. విష్ణువర్ధన్ లేచి, "ఆ పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళి ఈ ఉపన్యాసం చెప్పండి సార్" అన్నాడు. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు. సుకన్యకి ఇద్దరి మాటలూ నిజమేననిపించాయి. ఇద్దరి మాటల్లోనూ ఎక్కడా గిన్నెలు తోమే మనిషి లేదు. ఉరి తీయాలా వద్దా అని ఎవరైనా ఇప్పుడు తననే అడిగితే ఏం చెబుతుందో ఆమెకి తెలియదు. ఆ పొదలు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటున్నాయి. ఆ కోపం పోలేదు. అది తనదేనా, తనచేత పెట్టించినదా అన్నదే తేలడం లేదు.

"ఇప్పుడు సుకన్య మేడం గారు మన మహిళల వినతిపత్రం అందజేస్తారు" అన్నాడు విష్ణువర్ధన్. ముందు కుర్చీలో స్థానిక నాయకుడొకాయన ఫోటో కోసం లేచి చొక్కా సర్దుకున్నాడు.

సుకన్య ఫైలు పట్టుకుని వెళ్ళింది. ఇవ్వలేదు.

"ఇవి చెల్లవండీ" అంది. మైకు లేకపోయినా వినబడింది.

"అదేంటి మేడం?"

"నేనెవరికీ చదివి వినిపించలేదు. టిక్కు పెట్టి చూపించాను, పెట్టారు. ఎవరైనా చదవబోతే వద్దన్నాను. ఇందులో ఉరి ఒక్కటే లేదు, ఇంకా చాలా ఉన్నాయి. ఇలా తీసుకున్న సంతకాలు పంపడం తప్పు."

"అయ్యో, అందరూ చదువుకున్నవాళ్ళేగా మేడం" అని విష్ణువర్ధన్ నవ్వాడు. కొందరు కూడా నవ్వారు.

"సుకన్యా, వచ్చి కూర్చో" అన్నాడు రామ్మోహనరావు, మెత్తగా. "కంగారుపడుతోంది, మైకు అలవాటు లేదు" అని పక్కాయనకి చెప్పాడు.

"చదువుకున్నవాళ్ళమే" అంది సుకన్య.  "ఇందులో మొదటి సంతకం నాది. నేనూ చదవలేదు."

ఎవరూ నవ్వలేదు. 'సుకన్య గారా, రండి' అన్న ముఖాలన్నీ ఒకేసారి మూసుకోవడం ఆమె చూసింది. వెనక కార్ల వైపు మాత్రం చూడలేదు. ఫైలు ఛాతీకి అదుముకుని కుర్చీల మధ్యలోంచి నడిచి మెట్లెక్కింది.

"నా ఉపన్యాసం తర్వాత ఒక్కడు నాతో మాట్లాడలేదు, అందరూ నీ గురించే" అని రామ్మోహనరావు మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. గ్రూపులో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. విష్ణువర్ధన్ కొత్త కాగితం తయారు చేశాడట, అది ఈసారి వేరే ఆవిడ మోస్తోంది. ఆవిడ తమ గడపలోకి వచ్చినప్పుడు సుకన్య ఆ కాగితం తీసుకుని మొత్తం చదివి, ఆరో అంశం ఇంకా అలాగే ఉందని చూసి, తిరిగి ఇచ్చేసింది.

బుధవారం పని ముగించి వెళ్తూ కమలాబాయి గుమ్మంలో ఆగింది.

"రేపు ఆలస్యమైతదమ్మా."

"తెలుసు. ప్రసాదం కొనకు. చెయ్యి తోముకోకుండా నేరుగా వచ్చెయ్, మా ఇంట్లో ఏమీ దాచక్కర్లేదు." ఆ మాట అంటుంటే సుకన్యకి గుండె తేలికైంది. ఎంతో ఇస్తున్నట్టు అనిపించింది.

కమలాబాయి ఆమెని ఒక్కసారి పైనుంచి కిందికి చూసింది. లోపల కుర్చీలో వీరరాఘవమ్మ గారు దగ్గుతున్నారు.

"మీ అత్తమ్మకు బెల్లం తేవాలె గద" అంది కమలాబాయి. "మీకాడికెల్లి నేను ఇంకా మూడిండ్లకు పోవాలె. ఆడ సుత తోముకోకుంటనే పోవాల్నా?"

సుకన్యకి తట్టింది. ఇప్పుడు కూడా టిక్కు తనే పెట్టబోయింది.

"ఉండు" అని వంటింట్లోకి వెళ్ళింది. బుట్టలోంచి నిమ్మకాయ తీసి కోసింది. రెండు చెక్కలూ చిన్న కవరులో వేసి, ముడివేసి, తెచ్చి కమలాబాయి చేతిలో పెట్టింది.

"సబ్బుకి సరిగ్గా పోదు. దీంతో రుద్దితే పోతుంది. నువ్వు వేలిముద్ర వేసిననాడే నాకు తెలుసు" అంది సుకన్య. "చెప్పలేదు."